దేవకన్య పాటను చెవితో విప్పడం ఎలా: నడక, ప్రాస, చప్పుడు

మా అక్క కూతురు ఏడో తరగతి చదువుతోంది. పోయిన నెలలో ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మేడ మీదికి వచ్చి, "మామా, దేవకన్య మీద ఒక సరదా పాట తీసుకుని దాంట్లో ప్రాస, ఛందస్సు, శబ్దం ఎట్లున్నాయో రెండు పేజీలు రాయమన్నారు, రేపటికల్లా ఇవ్వాల" అనింది. బాగా టెన్షన్‌లో ఉంది. అప్పటికే ఒక పేజీ రాసుకొచ్చింది కూడా. చూస్తే "ఈ పాట లయబద్ధంగా ఉంది, చక్కని ప్రాసలు ఉన్నాయి, వినసొంపుగా ఉంది" అని ఉంది. తప్పేమీ లేదు, కానీ ఆ మూడు మాటలనూ లోకంలో ఏ పాటకైనా అంటించొచ్చు, పాట మారినా జవాబు మారదు.

నేను చదువుకున్నప్పుడూ ఇదే పరిస్థితి. యమాతారాజభానసలగం (గణాలు గుర్తుపెట్టుకునే సూత్రం) నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి, గణవిభజన చేసి మార్కులు తెచ్చుకునేవాణ్ణి, ఆ గురువులూ లఘువులూ పద్యంలో ఏం పని చేస్తున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు, నాకూ అడగాలని తోచలేదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది ఏమిటంటే, ముందు చెవితో వినాలి, తర్వాత లెక్క పెట్టాలి, లెక్క ఎక్కడ మారిందో అక్కడ ఆగి "ఈ చోట కథలో ఏం జరుగుతోంది?" అని అడగాలి. విశ్లేషణ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పేర్లు (హగణం, నగణం, అనుప్రాస) ఆఖర్న పెట్టుకోవచ్చు.

ఆ రోజు పక్కింటివాళ్లు కొండ నుంచి వచ్చి లడ్డు ఇచ్చిపోయారు. గిన్నెలో పావు ముక్క మిగిలింది, దాని చుట్టూ చీమలు చేరాయి. దాన్ని చూస్తూ అప్పటికప్పుడు ఇద్దరం కలిసి ఒక పాట కట్టాం. మీకు చూపించడానికి ఇదే వాడుకుంటాను.

కొండ మీద గుడికి పోయి
గుండుమల్లి కొనను ఊగి
దేవకన్య దిగుతు దిగుతు
పావు లడ్డు పైన వాలె

చక్కెరంటి జారదాయె
ఒక్క రెక్క ఊడదాయె
చీమలొచ్చి చెంత నిలిచె
ఏమమ్మా!

కొరికి కొరికి గుటుకు గుటుకు
తురుము దులిపి తుర్రుమంది

ముందు పెన్సిల్ పక్కన పెట్టండి. పైకి, గొంతెత్తి మూడుసార్లు చదవండి. మొదటిసారి మామూలుగా, రెండోసారి వీలైనంత వేగంగా, మూడోసారి తొడ మీద తాళం వేసుకుంటూ. వేగంగా చదివేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది, ఎందుకంటే ఏ పాదం నోట్లో జారిపోతుందో, ఏ పాదం దగ్గర నాలుక నిలబడిపోతుందో మీరు అనుకోకుండానే తెలుస్తుంది. మా పాప "కొరికి కొరికి" దగ్గర పరుగెత్తింది, "ఒక్క రెక్క" దగ్గర నెమ్మదించింది, "ఏమమ్మా" దగ్గర పూర్తిగా ఆగి నా మొహం చూసింది. ఆ మూడు చోట్లా మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టమన్నాను. మీరూ అట్లాగే చుక్కలు పెట్టుకోండి. ఇక చేయాల్సిందల్లా ఆ చుక్కలకు కారణం వెతకడమే.

ఇప్పుడు లెక్క. తెలుగులో లెక్క కాలానిది. అక్షరం పలకడానికి చిటికె వేసేంత సేపు పడితే లఘువు, ఒక మాత్ర. దానికి రెట్టింపు పడితే గురువు, రెండు మాత్రలు. దీర్ఘం ఉన్నది గురువు, ఐ, ఔ ఉన్నవి గురువులు, సున్న ఉన్నది గురువు, విసర్గ ఉన్నది గురువు, తర్వాత ద్విత్వమో సంయుక్తమో వస్తే దాని ముందున్న అక్షరం గురువు, పొల్లుతో ముగిసేదీ గురువే. పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ ద్విత్వం దగ్గర. "లడ్డు"లో వత్తు ఉన్నది "డ్డు" కాబట్టి అదే గురువని గుర్తు పెట్టేస్తారు. గురువయ్యేది ముందున్న "ల". నోటితో పలికి చూడండి, "లడ్" అని ఆగి, తర్వాత "డు" అని వదులుతారు. ఆ ఆగిన సేపు "ల" ఖాతాలో పడుతుంది. ఇంకో పొరపాటు ఏమిటంటే, పక్క మాట సంయుక్తంతో మొదలైతే ముందు మాట చివరి అక్షరాన్ని కూడా గురువు చేసేస్తుంటారు. "పాప త్వరగా రా" అన్నప్పుడు "ప" దగ్గర మనం ఆగం కదా, రెండూ విడి మాటలు, అచ్చతెలుగు నడకలో ఆ "ప" లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసాల్లో ఆ లెక్క వేరు, పిల్లల పాటలకు దాంతో పని పడదు.

గురువుకు గ, లఘువుకు ల అని రాసుకుంటే మొదటి పాదం ఇట్లా వస్తుంది.

కొండ | మీద | గుడికి | పోయి
గల | గల | లలల | గల

ప్రతి ముక్కకూ మూడు మాత్రలు, నాలుగు ముక్కలు, మొత్తం పన్నెండు. నోటితో "తకిట తకిట తకిట తకిట" అనుకుంటూ తాళం వేస్తే సరిగ్గా కూర్చుంటుంది. దీన్ని త్రిస్రగతి అంటారు. ముక్కలు మూడుతో తెగకపోతే నాలుగుతో చూడండి (తకధిమి), కుదరకపోతే ఐదు (తకతకిట), అదీ కాకపోతే మూడూ నాలుగూ కలిపి ఏడు (తకిట తకధిమి). ఒకే దేవకన్యను ఈ నడకల్లో దింపి చూద్దాం. "దేవత వచ్చెను దిగి దిగి కిందికి" అంటే నాలుగేసి మాత్రలు, కవాతులాగా సమంగా అడుగులు పడుతున్నాయి. "దేవతలు దిగిరంట" అంటే ఐదేసి, ఒక్కో ముక్క చివర చిన్న ఊపు ఉంది. "దేవకన్నెలు కొండ దిగిరట" అంటే మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఇది 1910లో గురజాడ ముత్యాల సరాలతో తెలుగు కవిత్వంలో కొత్తగా నిలిచిన నడక, కథ చెప్పడానికి చాలా బాగుంటుంది. సంగతి ఒకటే, దేవకన్య దిగడం. అయినా నాలుగు నడకల్లో నలుగురు వేరే వేరే మనుషులు దిగినట్టు ఉంటుంది. మూడు మాత్రల దేవకన్య గెంతుతూ వస్తుంది. ఎందుకంటే గల, గల అంటే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. అలిపిరి మెట్ల మీద నుంచి కిందికి దిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మూడున్నర వేల మెట్లు దిగుతుంటే సగం దారి దాటేసరికి ఒక కాలు గట్టిగా, రెండోది తేలిగ్గా పడటం మొదలవుతుంది.

ఈ నడక మన ఇళ్లకు కొత్త కూడా కాదు. "విశ్వదాభిరామ వినురవేమ" పలికి తాళం వేయండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు ముక్కలు, ప్రతిదానికీ మూడు మాత్రలు. గల అయితే హగణం, లలల అయితే నగణం, ఈ రెంటినీ కలిపి సూర్యగణాలు అంటారు, ఆటవెలదిలో రెండో పాదమూ నాలుగో పాదమూ పూర్తిగా ఇవే. అంటే మన దేవకన్య వేమన మకుటం నడకలోనే, ఒక ముక్క తక్కువగా నడుస్తోంది. ఇది చెప్పగానే పాప రెంటినీ పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు పాడుకుంది, లెక్క మీద భయం అక్కడ పోయింది.

ఒక చిక్కు ఉంది, దాన్నీ చెప్పాలి. లఘువు ముందు, గురువు తర్వాత వచ్చినా మాత్రలు మూడే. కానీ "కొండ మీద" బదులు "గుహా మీద" అని పెట్టి పాడండి, అర్థం సంగతి వదిలేయండి, లెక్క సరిపోయినా నాలుక తడబడుతుంది. మొదటి దెబ్బ పడే చోట పొట్టి అక్షరం వచ్చి, బరువంతా పక్కకు జరిగింది. అందుకే మాత్రల మొత్తం సరిపోయిందని సంతోషపడితే చాలదు, ముక్కలోపల బరువు ఎక్కడుందో కూడా చూడాలి. ఇట్లా మాట మార్చి చూడటం ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. "పావు లడ్డు పైన వాలె"లో లడ్డు తీసి చాలామంది రాసేట్టు "లడ్డూ" అని పెట్టండి. ఒక్క దీర్ఘం. ముక్క నాలుగు మాత్రలై తాళం జారిపోతుంది. కవి ఆ మాటను ఎందుకు కుదించాడో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, "దిగుతూ" ఎందుకు "దిగుతు" అయిందో కూడా.

ఇప్పుడు పాదం వారీగా గురువులు లెక్కపెట్టండి. మా పాటలో వరుసగా మూడు, మూడు, రెండు, నాలుగు, నాలుగు, నాలుగు, మూడు, ఆ తర్వాత "ఏమమ్మా"లో ఉన్న మూడూ గురువులే, ఆ తర్వాత సున్న, చివర రెండు. ఈ అంకెలను కథ పక్కన పెట్టండి. దేవకన్య మెట్లు దిగేటప్పుడు రెండు గురువులే, పాదం తేలిగ్గా ఉంది. లడ్డు మీద వాలగానే నాలుగయ్యాయి, రెక్క అంటుకున్న రెండు పాదాల్లోనూ నాలుగే, అన్నీ గల గల గల గల, సందులేదు, తేలికపడే చోటు లేదు. చీమలు ఆ పంచదార కొరుకుతున్నప్పుడు గురువు ఒక్కటీ లేదు.

కొరికి | కొరికి | గుటుకు | గుటుకు
లలల | లలల | లలల | లలల

పన్నెండు అక్షరాలు, పన్నెండు మాత్రలు. మిగతా నిండు పాదాల్లో ఎనిమిది నుంచి పది అక్షరాలే ఉన్నాయి, కాలం అంతే. అదే కాలంలో ఎక్కువ అక్షరాలు పట్టించడమంటే చిన్న చిన్న నోళ్లు గబగబా పనిచేయడమే. మా పాప పరుగెత్తిన చుక్కకు కారణం దొరికింది. కట్టేటప్పుడు మేం ఇదంతా లెక్క చూసుకుని కట్టలేదు, చెవికి కుదిరిందని ఉంచేశాం, తర్వాత విప్పితే ఇట్లా కనబడింది. చాలా పాటలు ఇట్లాగే పుడతాయని నా నమ్మకం, కాబట్టి "కవి నిజంగా ఇది అనుకుని రాశాడా?" అనే అనుమానంతో ఆగిపోవద్దు. పాటలో ఉందా లేదా అన్నదే చూడండి.

"ఏమమ్మా!" దగ్గర కాసేపు కూర్చోవాలి, ఈ పాటకు గుండెకాయ అదే. ఆ పాదంలో పన్నెండు మాత్రలు ఉండాల్సింది, ఆరే ఉన్నాయి. ఆ ఆరు కూడా మూడూ మూడుగా తెగవు. ఏ, మమ్, మా అని రెండేసి. తాళం మాత్రం మూడు మూడుగానే పడుతోంది కదా, మొదటి దెబ్బ "ఏ" మీద పడుతుంది, రెండో దెబ్బ నాలుగో మాత్ర మీద, అంటే సరిగ్గా "మ్" దగ్గర, పెదాలు మూసుకుని ఉన్న క్షణంలో పడుతుంది. చేయి తట్టింది, నోరు మూసి ఉంది. నెమ్మదిగా ఒకసారి చేసి చూడండి, వింతగా ఉంటుంది. ఆ తర్వాత రెండు దెబ్బలు ఖాళీ. గెంతుతూ వచ్చిన పాట అక్కడ ఆగి, చీమలు ఆ రెక్క వంక చూస్తున్న నిశ్శబ్దం వినిపిస్తుంది. పైగా ఆ మాట మన వీధిలో పెద్దవాళ్లు గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడిన పిల్లను పలకరించే మాట, చీమల నోట వచ్చేసరికి అది మాటే అయింది, పాట కాలేదు. సరదా పాటల్లో ఇట్లాంటి విరుపు దాదాపు ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ పాటలో అది దొరికితే రెండు పేజీల్లో ఒక పేజీ దానికే ఇవ్వండి.

ప్రాస సంగతి. ఇంగ్లీషు మీడియం పిల్లలు ప్రాస అనగానే పాదం చివరకు పోతారు, వాళ్ల రైమ్స్‌లో అది అక్కడే ఉంటుంది కాబట్టి. మన దగ్గర అసలు ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరంలో ఉంటుంది. రెండో అక్షరంలో హల్లు ఒకటే కావాలి, అచ్చు ఏదైనా కావచ్చు. దాని ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నిట్లోనూ గురువు కావాలి, లఘువైతే లఘువు. మా పాటలో రెండేసి పాదాలకు ఒక ప్రాస, ద్విపదలో ఉన్నట్టు. కొండ, గుండు: సున్నతో డ. దేవ, పావు: వ. చక్కె, ఒక్క: క్క. చీమ, ఏమ: మ. కొరి, తురు: ర, ముందు రెండూ లఘువులే. తిరుపతి పిల్లలకు అన్నమయ్య పదాలు పుట్టినప్పటి నుంచి చెవిలో ఉంటాయి, మీకు బాగా వచ్చిన పదం ఒకటి తీసుకుని చరణాల్లో పాదాల రెండో అక్షరం కింద గీత పెట్టుకుంటూ పోండి, పది నిమిషాల్లో ఈ సూత్రం మీ సొంతమవుతుంది.

గమనించారా, "ఏమమ్మా" తాళం తప్పినా ప్రాస తప్పలేదు. చీమ, ఏమ. మాత్రలు సగానికి విరిగిన పాదాన్ని పాటలోంచి జారిపోకుండా పట్టుకున్నది ఆ ఒక్క "మ".

పాదం చివరి ప్రాసను అంత్యప్రాస అంటారు. పోయి, ఊగి అన్నచోట "ఇ" మాత్రమే కలిసింది, అది లీలగా వినబడుతుంది. దిగుతు, వాలె కలవలేదు. నిలిచె, ఏమమ్మా కలవలేదు. గుటుకు, తుర్రుమంది కలవలేదు. గట్టిగా కలిసింది ఒకేచోట, జారదాయె, ఊడదాయె. రెక్క అతుక్కున్న చోట పాదాల కొసలు కూడా ఒకదానికొకటి అతుక్కున్నాయి. పాప దీన్ని కనిపెట్టి ఎగిరి గంతేసింది. నేను చెప్పలేదు, తనే "మామా, ఇక్కడ మాటలు కూడా అంటుకున్నాయి చూడు" అనింది. అంత్యప్రాస ఉందా లేదా అని ఒక్కమాటలో తేల్చేస్తే ఇది దొరకదు. ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని రెండు వరుసలుగా రాసుకోండి.

యతి చాలామంది వదిలేస్తారు, అర్థం కాక. పాదం మొదటి అక్షరానికి, పాదం మధ్యలో ఒక నిర్ణీత చోట ఉన్న అక్షరానికి స్నేహం ఉండటమే యతి. మన పాటలో ఆ చోటు మూడో ముక్క మొదలు. హల్లుల స్నేహం నోటిలో పుట్టే చోటును బట్టి ఉంటుంది: క ఖ గ ఘ ఒక జట్టు, చ ఛ జ ఝ శ ష స ఒక జట్టు, ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ. అచ్చులూ కలవాలి: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఒకటి. ఇంకా సూక్ష్మాలు ఉన్నాయి, పిల్లల పాటకు ఈ మాత్రం చాలు. కొండలో "కొ", గుడిలో "గు": క, గ ఒక జట్టు, ఒ, ఉ ఒక జట్టు, కలిసింది. పావులో "పా", పైనలో "పై": కలిసింది. ఒక్కలో "ఒ", ఊడలో "ఊ": కలిసింది. మిగిలినవి మీరే చూడండి, ఒక్క "ఏమమ్మా" తప్ప అన్నిట్లో ఉంది. యతి చేసే పని ఏమిటంటే పాదాన్ని మధ్యలో సన్నగా కుట్టడం, ఊపిరి అక్కడ చిన్నగా తగిలి ముందుకు పోతుంది. వినగానే పేరుపెట్టి చెప్పలేం, కానీ తీసేస్తే తెలుస్తుంది. "పావు లడ్డు మీద వాలె" అని పాడి చూడండి, అర్థం అదే, మాత్రలు అంతే, అయినా ఏదో వదులైంది.

ఇక చప్పుడు. ఇక్కడ నోరే మీ పరికరం. అరచెయ్యి పెదాల ముందు పెట్టుకుని, "చక్కెరంటి, ఒక్క రెక్క" అనండి. "క్క" దగ్గర గాలి పూర్తిగా ఆగిపోతుంది, నాలుక వెనకభాగం పైకి అతుక్కుని ఒక క్షణం విడిపడదు. అది మూడుసార్లు జరుగుతోంది, దేవకన్య రెక్కకు ఏమైందో మీ నాలుకకూ అదే జరుగుతోంది. తర్వాత "గుటుకు గుటుకు" అనండి, నోరు తెరుచుకోదు, పెదాలు చిన్న సున్నలా అలాగే ఉంటాయి, మూడు అక్షరాల్లోనూ "ఉ" ఒక్కటే. దానికి ముందు "పావు లడ్డు పైన వాలె"లో పా, పై, వా అని మూడుసార్లు నోరు బారెడు తెరుచుకుంది. అంత నోరు తెరిచి వాలిన దేవకన్యకూ, ఇంత నోరుతో కొరికే చీమలకూ ఉన్న సైజు తేడా అంతా అచ్చుల్లో ఉంది. చివర "తుర్రు"లో నాలుక కొస అదురుతుంది, రెక్క అదిరినట్టు. పాట మొత్తంలో "ర్ర" వచ్చింది ఆ ఒక్కచోటే, చివరిదాకా దాన్ని దాచి ఉంచడం వల్లే అంత బలంగా వినిపిస్తోంది.

తుర్రు లాంటివి ధ్వన్యనుకరణ పదాలు. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే వృత్త్యనుప్రాస: "తురుము దులిపి తుర్రుమంది"లో త, ద, ర, మ ఎట్లా తిరుగుతున్నాయో చూడండి. పేరు రాయడం మంచిదే, మార్కులు దానికీ ఉంటాయి, కానీ పేరు రాశాక "దీనివల్ల నాకు ఏం వినిపించింది" అని ఇంకో వాక్యం తప్పకుండా రాయండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "ట అంటే కోపం, ల అంటే ప్రేమ" అని అక్షరానికో అర్థం అంటగట్టే పద్ధతి ఒకటి చలామణిలో ఉంది, అది నమ్మకండి. "క్క" ఇక్కడ అతుక్కోవడంలా వినిపించింది ఎందుకంటే కథలో అతుక్కోవడం ఉంది కాబట్టి. "అక్క"లోనూ "చుక్క"లోనూ అదే "క్క" ఉంది, అక్కడ ఏదీ అతుక్కోలేదు. అర్థం ముందుంటుంది, చప్పుడు దానికి చేయూతనిస్తుంది.

స్కూల్లో ఇచ్చింది ఇంగ్లీషు దేవకన్య పాటైతే ఈ లెక్క అలాగే వాడకండి. వాళ్లది ఊనిక లెక్క. మాటలో ఏ ముక్కను గట్టిగా నొక్కి పలుకుతారన్నదే ముఖ్యం, పలకడానికి పట్టే కాలం కాదు. ఫెయిరీ, గార్డెన్ అన్నప్పుడు ఊనిక మొదటి ముక్క మీద, అవే, టునైట్ అన్నప్పుడు రెండో ముక్క మీద. గట్టి, మెత్త, గట్టి, మెత్త అని నడిస్తే ట్రోకీ, మెత్త, గట్టి అని నడిస్తే అయాంబ్. షేక్‌స్పియర్ 1590ల్లో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో రాజులూ ప్రభువులూ ఎక్కువగా ఐదు ఊనికల పొడుగు అయాంబ్ పాదాల్లో మాట్లాడితే, దేవకన్యల జట్టులోని పక్ అనే అల్లరివాడు మంత్రం వేసేటప్పుడు నాలుగు ఊనికల పొట్టి ట్రోకీ పాదాల్లోకి దిగుతాడు. గట్టి, మెత్త ఆ ట్రోకీ మన గల, గలకు దగ్గరి చుట్టంలా వినిపించడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. లెక్క పద్ధతులు వేరైనా గెంతడానికి రెండు భాషలూ ముందు బరువు, వెనక తేలిక అనే అడుగునే పట్టుకున్నాయి.

జాతర పాటలు, కోలాటం పాటలు, అవ్వలు పాడే జోలపాటలు విశ్లేషించేటప్పుడు ఇంకో మాట. కాగితం మీద రాస్తే వాటి మాత్రలు సరిపోవు, ఒక పాదంలో పది, ఇంకో దాంట్లో పదమూడు ఉంటాయి. తప్పని రాసేయకండి. పాడేవాళ్లు ఒక అక్షరాన్ని సాగదీసి, ఇంకోదాన్ని మింగి తాళానికి సరిపెడతారు. గంగమ్మ జాతరలో పాడేవాళ్ల పక్కన నిలబడి తాళం చూసుకోండి, ఎక్కడా తప్పదు. అట్లాంటి పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని, విన్నదాన్ని బట్టి మాత్రలు వేయాలి.

రాయడం దగ్గర ఇబ్బంది పడేవాళ్ల కోసం, ఆ రాత్రి పాప నోట్‌బుక్కులో రాసిన ఒక పేరా ఇక్కడ పెడుతున్నాను, అక్షరదోషాలు మాత్రం సరిచేశాను. "ఈ పాట మూడు మాత్రల నడకలో ఉంది, మెట్లు దిగినట్టు ఉంటుంది. రెక్క అంటుకున్నప్పుడు పాదానికి నాలుగు గురువులు వచ్చి బరువుగా ఉంటుంది, పాదాల చివర దాయె, దాయె అని అక్కడ మాత్రమే గట్టిగా కలుస్తుంది. ఏమమ్మా దగ్గర సగం పాదమే ఉంది. మిగతా సగంలో ఎవరూ మాట్లాడరు, నేను చప్పట్లు మాత్రం కొట్టాను. చీమలు కొరికే పాదంలో పన్నెండు చిన్న అక్షరాలు ఉన్నాయి, అవి పన్నెండు కొరుకులు."

పన్నెండు కొరుకులు అన్నమాట నాకు తట్టలేదు. నోట్‌బుక్కు మూసేముందు తను ఇంకో పని చేసింది, చివరి పాదాన్ని "తురుము దులిపి ఎగిరిపోయె" అని మార్చి పాడి చూసింది. మాత్రలు సరిపోయాయి. తల అడ్డంగా ఊపి, "యతి పోయింది, రెక్క చప్పుడు కూడా పోయింది" అని కొట్టేసి, మళ్లీ తుర్రుమంది అనే రాసుకుంది.